ఒంటిపూట దాటాక ఆ లోయ వద్దు

2023 జులై 22, శనివారం. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, వ్యాలీ ఆఫ్ ఫైర్ అనే ఎర్రరాళ్ల లోయకు ఇద్దరు మహిళలు నడకకు వచ్చారు. ఒకరికి 29 ఏళ్లు, ఇంకొకరికి 34. పొద్దున వెళ్లినవాళ్లు ఎంతకీ తిరిగి రాలేదనీ, వాళ్ల కారు పెట్టినచోటే ఉందనీ అక్కడే నడకకు వచ్చిన మరికొందరికి అనుమానం కలిగింది. కబురందుకున్న సిబ్బంది వెతికితే ఒకరు కాలిబాట మీదా, ఇంకొకరు దగ్గర్లోని గండిలోనూ ప్రాణం లేకుండా కనిపించారు. ఆ రోజు ఆ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీల దాకా ఉంది. వాళ్లు కొండలెక్కలేదు, తాళ్లు పట్టుకుని లోయల్లోకి దిగలేదు. సంసారులు పిల్లాపాపలతో వచ్చి నడిచిపోయే చోటికే వచ్చారు.

ఆ లోయ లాస్ వేగస్‌కు ఈశాన్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, కారులో గంట ప్రయాణంలో ఉంటుంది. నెవాడా రాష్ట్రపు మొట్టమొదటి స్టేట్ పార్కు అదే. 1930ల నుంచీ జనం వస్తూనే ఉన్నారు. జురాసిక్ కాలంలో గాలి పోగేసిన ఇసుకదిబ్బలు కోట్ల సంవత్సరాల్లో గట్టిపడి ఇసుకరాయి అయ్యాయి. అందులోని ఇనుము తుప్పుపట్టి రాతికి కుంకుమరంగు తెచ్చింది. ఇనుము కడుక్కుపోయినచోట తెలుపు, పసుపు, లేత గులాబీ. ఆనాడు గాలి ఏ దిక్కు నుంచి వీచిందో చెప్పే చారలు ఇప్పటికీ ఆ రాతి మీద చీర అంచుల్లా ఉన్నాయి. ఆ తర్వాత గాలీ వానా కలిసి దాన్ని ఏనుగు తొండంగా, తేనెపట్టుగా, తోరణంగా తొలిచాయి. అట్లాట్ల్ రాక్ అనే బండ మీద వేల ఏళ్ల నాటి చెక్కుడు బొమ్మలున్నాయి. మౌసెస్ ట్యాంక్ అనే చోట రాతిలో సహజంగా ఏర్పడిన గుంట ఉంది, వాననీరు అందులో నిలుస్తుంది. 1890ల్లో మౌస్ అనే పేరున్న దక్షిణ పయూట్ తెగ మనిషి ఆ గుంట ఆసరాతోనే అక్కడ తలదాచుకున్నాడని చెబుతారు. ఆ ఎడారిలో పుట్టి పెరిగినవాడు కూడా దాక్కోవడానికి నీళ్లున్న చోటునే వెతుక్కున్నాడన్నది గమనించాలి.

ఆ లోయలోని దారులు పొట్టివి. ఎర్ర తెల్ల చారలు అలలా లేచి గడ్డకట్టినట్టుండే ఫైర్ వేవ్ దాకా పోనూ రానూ రెండున్నర కిలోమీటర్ల లోపే. వైట్ డోమ్స్ చుట్టి రావడానికి రెండు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. మౌసెస్ ట్యాంక్ దారి అంతకన్నా చిన్నది. అందుకే యాప్‌లలోనూ, యూట్యూబ్ వీడియోల్లోనూ, స్నేహితుల మాటల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది: చాలా ఈజీ హైక్, ఫ్యామిలీతో వెళ్లొచ్చు. ఈ సంపాదకీయం ఆ మాట గురించే.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు లాస్ వేగస్ వెళ్లడం కొత్త సంగతి కాదు. గ్రాండ్ కాన్యన్, జయన్ పార్కు, యాంటిలోప్ కాన్యన్, ఈ వ్యాలీ ఆఫ్ ఫైర్ అన్నీ ఆ చుట్టుపక్కలే కావడంతో ఒకే విడతలో చూసి రావాలనుకుంటారు. ఎప్పుడు? పిల్లలకు బడి సెలవులున్నప్పుడు, జులై 4 వారాంతం కలిసొచ్చినప్పుడు, ఇంటి దగ్గర నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు. ఈ మూడూ వేసవిలోనే కలుస్తాయి. ఉద్యోగం ఇచ్చే సెలవులు ఎడారి చల్లబడేదాకా ఆగవు కాబట్టి వేసవిలో ఎడారికి వెళ్లే ఈ తప్పును ఏ ఒక్కరి అజాగ్రత్తగానో కొట్టిపారేయలేం. నూటికి నూరుపాళ్లు జాగ్రత్తపరులైన తల్లిదండ్రులు, పిల్లవాడికి చలి తగులుతుందని విమానంలో శాలువా కప్పేవాళ్లు, అదే పిల్లవాణ్ణి జులై మధ్యాహ్నం ఆ రాళ్ల నడుమకు చెయ్యి పట్టుకుని నడిపిస్తారు.

మధ్యాహ్నమే ఎందుకవుతుందో ఆలోచించాలి. వేగస్ హోటల్లో రాత్రి పడుకునేసరికి ఒంటిగంట. పొద్దున తొమ్మిదికి లేచి, టిఫిన్లు కానిచ్చి, పదకొండుకు గది ఖాళీ చేసి, సామానంతా కారులోకి ఎక్కిస్తారు. అక్కడి నుంచి జయన్ వెళ్లే ఐ-15 రహదారి మీద గంటలోపే వ్యాలీ ఆఫ్ ఫైర్ మలుపు వస్తుంది. దారిలోనే ఉంది, ఒక్క గంట చూసి పోదాం అనుకుంటారు. పార్కులోకి వెళ్లి, బండి ఆపి, టోపీలు వెతుక్కుని దిగేసరికి పన్నెండున్నర, ఒంటిగంట. ఎవరూ కోరి మిట్టమధ్యాహ్నం నడవాలనుకోలేదు, ప్రయాణం ఏర్పాటే వాళ్లను తెచ్చి ఆ వేళకు అక్కడ దించింది.

మనం ఒంటిపూట బడుల్లో చదువుకున్నవాళ్లం. మార్చి సగం గడిచేసరికి గవర్నమెంటు ఉత్తర్వు రావడం, మధ్యాహ్నం కాకముందే గంట కొట్టడం, ఇళ్లకు పరుగెత్తడం మనందరికీ గుర్తే. పొలం పనులకు వెళ్లేవాళ్లు తెల్లవారుజామునే దిగి, ఎండ ముదరకముందే గట్టెక్కేవారు. మే నెలలో మిట్టమధ్యాహ్నం బయటికి పోతానంటే అమ్మమ్మ వాకిట్లో అడ్డం నిలబడేది. అంత అనుభవాన్ని పాస్‌పోర్టుతో పాటు తెచ్చుకోవడం ఎందుకు మరిచిపోయామన్నదే మా ప్రశ్న.

ఈజీ అన్న మాట కొలిచేది రెండింటినే: దారి ఎంత పొడుగు, ఎంత ఎక్కుడు. ఎండ ఆ లెక్కలోకి రాదు. జనవరిలో ఈజీ అయిన దారి జులైలోనూ యాప్‌లో ఈజీగానే ఉంటుంది. నీడ ఎంత ఉందో అది చెప్పదు. ఫైర్ వేవ్ దారిలో చెట్టు నీడ లేదు. పోయేటప్పుడు చాలామటుకు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. అంటే ఒళ్లు చల్లగా, సీసాలు నిండుగా ఉన్నప్పుడు తేలిక దారి, ఒళ్లు కాగి సీసాలు ఖాళీ అయ్యాక కష్టమైన దారి. పైగా కొంతమేర ఇసుకలో నడక. ఇసుకలో ఒక కిలోమీటరు నడిస్తే కాళ్లు మట్టిరోడ్డు మీద కన్నా ఎంత ఎక్కువ పని చేస్తాయో బాపట్ల సముద్రం ఒడ్డునో, పెన్న ఇసుకలోనో నడిచినవాళ్లను అడిగితే చెబుతారు. మిగిలినమేర నున్నటి బండ. బండ మీద అడుగుజాడ పడదు. అన్ని రాళ్లూ ఒకేలా ఎర్రగా, గుండ్రంగా ఉంటాయి. తిరుగుదారిలో అటుది ఇటు అనిపించడానికి ఒక్క మలుపు చాలు.

ఇక ఎండ సంగతి. అమెరికా ఫోన్లలో 110 అని కనిపిస్తుంది, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు. ఆ అంకె నీడలోది. వాతావరణ కేంద్రాలు గాలి వేడిని మనిషి ఎత్తున, ఎండ తగలని, గాలాడే పెట్టెలో కొలుస్తాయి. బండ మీద నిలబడినవాడికి తగిలే వేడి వేరు. పైనుంచి సూర్యుడు, కిందనుంచి పొద్దుటినుంచీ కాగిన నేల, మూడు పక్కలా గోడల్లా నిలిచిన రాళ్లు. కుంపటి మీద పెనం కాదు ఇది, మూత పెట్టిన మూకుడు. ఆ లోయకు కొన్ని గంటల దూరంలోని డెత్ వ్యాలీలో 1972 జులైలో నేల వేడి 93.9 డిగ్రీలుగా నమోదైంది. అన్నం వండే నీళ్లు మరగడానికి ఇంకో ఆరు డిగ్రీలు చాలు.

సాయంత్రం చల్లబడ్డాక వెళదాం అనేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, లెక్క తప్పు. ఎడారిలో గాలి బాగా వేడెక్కేది పన్నెండింటికి కాదు, మూడు నుంచి ఐదింటి మధ్య. జులైలో అక్కడ పొద్దు గుంకేది ఎనిమిదింటికి. ఆరింటికి కూడా నలభై డిగ్రీలు మామూలే, రాళ్లు ఆ తర్వాత కూడా చాలాసేపు పగటి వేడిని వదులుతూనే ఉంటాయి. సూర్యాస్తమయం ఫోటో కోసం ఐదున్నరకు నడక మొదలుపెట్టడమంటే ఆ రోజు మొత్తం పోగైన వేడిలోకి నడవడమే.

మాది రెంటచింతల అనో, మేం రామగుండం ఎండలు చూసినవాళ్లం అనో చెప్పే మాట మరింత ప్రమాదకరం. ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, ఎండకు ఒళ్లు అలవాటు పడటం పుట్టుకతో వచ్చి ఉండిపోయే గుణం కాదు. వారం రెండు వారాలు ఎండలో మెలిగితే వస్తుంది, ఏసీ గదుల్లో కొన్ని వారాలుంటే పోతుంది. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో పదేళ్లుగా ఏసీ ఇంటి నుంచి ఏసీ కారులో ఏసీ ఆఫీసుకు వెళ్లే మనిషి ఒంట్లో రెంటచింతల మిగల్లేదు. అలవాటున్నవాళ్లకూ అది పూర్తి కవచం కాదు. 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లు ఎండ ఎరగనివాళ్లా?

రెండో పొరపాటు చెమట గురించినది. కోస్తాలో ఉక్కపోత మనకు గురువు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటే ఎంత నీరు పోయిందో మనకే తెలుస్తుంది, నీళ్లకోసం చెయ్యి చాస్తాం. నెవాడా ఎడారిలో వేసవి మధ్యాహ్నాల్లో గాలిలో తేమ చాలాసార్లు పది శాతం లోపే ఉంటుంది. చెమట పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతుంది. చర్మం పొడిగా, చొక్కా పొడిగా ఉంటుంది. పెద్దగా చెమట్లు పట్టడం లేదే, మన విజయవాడకన్నా నయమే అనిపిస్తుంది. ఆ అనిపిస్తున్న గంటలోనే లీటరు నీరు ఒంట్లోంచి పోయి ఉంటుంది, నడకలో ఇంకా ఎక్కువ కూడా పోవచ్చు. నలుగురికి రెండు అరలీటరు సీసాలు పట్టుకుని దిగేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మాకు ఎక్కువ భయం పెద్దవాళ్ల గురించి. అరవై దాటాక దాహం వేయడమే తగ్గుతుంది, ఒంటికి నీళ్లు కావలసినప్పుడు కూడా నోరు అడగదు. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేవి, కొన్ని గుండె వేగాన్ని అదుపులో ఉంచేవి. రెండు రకాలూ ఎండలో శరీరం తనను తాను చల్లబరచుకునే పనికి అడ్డం వస్తాయి. షుగరుంటే ఇంకో చిక్కు. అలాగని మాత్రలు మానేయకూడదు, ప్రయాణానికి ముందు డాక్టరును అడగాలి. వీటన్నిటికీ తోడు మన ఇళ్ల మర్యాద ఒకటుంది. బాత్రూమ్ దొరకదేమోనని అమ్మ కారెక్కే ముందు నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. పిల్లలు ఇంత ఖర్చుపెట్టి తీసుకొచ్చారు, నా మూలాన ఆగిపోకూడదని నాన్న కళ్లు తిరుగుతున్నా చెప్పడు. అత్తగారిని, మామగారిని అలసిపోయారా అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: అబ్బే, ఏం లేదు, పదండి. ఆ జవాబును నమ్మి నడిపించకండి. అడగడం మాని చూడండి. మాట తగ్గిందా, అడుగు తడబడుతోందా, ముఖం ఎర్రబారిందా లేక పాలిపోయిందా, పిక్కలు పట్టేశాయని రాయి మీద కూర్చుంటున్నారా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెనక్కి తిరగాల్సిన సమయం అప్పటికే వచ్చేసింది.

వడదెబ్బ మొదట కాళ్లను పట్టుకుంటే బాగుండును, మనిషి ఆగిపోతాడు. అది చాలాసార్లు బుద్ధిని పట్టుకుంటుంది. ఒంటివేడి 40 డిగ్రీలు దాటేసరికి మెదడు తికమకపడుతుంది. ఎటు వెళ్లాలో, సీసాలో నీళ్లున్నాయన్న సంగతో గుర్తుండదు. ఎడారిలో దారి తప్పడమూ ఎండదెబ్బా రెండు వేరువేరు ప్రమాదాలని అనుకుంటాం. ఒకటి రెండోదాన్ని తెస్తుంది, రెండోది మొదటిదాన్ని ముదిరిస్తుంది. అరిజోనా, యూటా సరిహద్దులో ద వేవ్ అనే మరో ఇసుకరాతి వింత ఉంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు విండోస్ 7 తెర మీద దాని బొమ్మ చూసే ఉంటారు. 2013 జులై ఒక్క నెలలోనే అక్కడికి నడిచినవాళ్లలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు డెబ్బై ఏళ్ల దరిదాపు వయసున్న భార్యాభర్తలు. మూడో వ్యక్తి 27 ఏళ్ల యువతి. పెళ్లిరోజు జరుపుకోవడానికి భర్తతో కలిసి వచ్చింది. తిరుగుదారిలో దారి తప్పి, ఎండలో తిరిగి తిరిగి కుప్పకూలింది. అక్కడ గీసిన బాట లేదు, గుర్తులు చూసుకుంటూ బండల మీద నడవాలి.

ఫోనుంది కదా అంటారేమో. వ్యాలీ ఆఫ్ ఫైర్‌లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. అందినా సరే, మెసేజ్ అందడం వేరు, మనిషి అందడం వేరు. 2024 జులైలో యూటాలోని కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కులో తండ్రీ కూతురూ దారి తప్పి, నీళ్లు అయిపోయి, అత్యవసర నంబరు 911కు మెసేజ్ పంపారు. ఆ దారి కష్టమైనదే, ఈజీ అనిపించుకున్నది కాదు. ఎండ 38 డిగ్రీలు దాటి ఉంది. సహాయ బృందాలు వెతికి చేరుకునేసరికి ఇద్దరూ చనిపోయి ఉన్నారు. అదే నెలలో డెత్ వ్యాలీలో మోటారుసైకిళ్ల మీద వెళ్తున్న బృందంలో ఒకరు ఎండకు ప్రాణం విడిచారు. ఆ రోజు 53 డిగ్రీలు. అంత వేడిలో గాలి పలచబడి హెలికాప్టరుకు ఎగిరే బలం చాలదు కాబట్టి ఆంబులెన్స్ హెలికాప్టరు రాలేకపోయింది. అమెరికాలో ఎక్కడున్నా క్షణాల్లో సాయం వస్తుందన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. ఆ దేశపు వ్యవస్థల మీద గౌరవం ఉండాల్సిందే. కానీ ఎంత గొప్ప వ్యవస్థకైనా లొంగని వేళలున్నాయి.

ఎండాకాలం చివర్లో ఈ ప్రాంతానికి ఇంకో ముప్పు తోడవుతుంది, దాన్ని గురించి కూడా ఒక మాట. ఇసుకరాయిని వరద తొలిచి చేసిన ఇరుకు గండుల్లో, ఎగువన ఎక్కడో పడ్డ వాన మనమున్నచోట చినుకు లేకుండానే గోడలా వచ్చిపడుతుంది. 1997 ఆగస్టు 12న యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు అలాగే కొట్టుకుపోయారు. వాన పడింది ఎన్నో కిలోమీటర్ల అవతల. నవాహో తెగ గైడు లేకుండా అక్కడికి ఎవరినీ వెళ్లనివ్వకపోవడానికి కారణాల్లో భద్రత ఒకటి. గైడు ఈ రోజు వద్దు అంటే టికెట్ డబ్బుల గురించి వాదన పెట్టుకోవద్దు. ఎగువ వానకు వాగులు పొంగడం, చూస్తుండగానే బస్సులు కొట్టుకుపోవడం మన ఊళ్లలోనూ చూసినవాళ్లమే.

వ్యాలీ ఆఫ్ ఫైర్ అధికారులు ఇటీవలి ఏళ్లలో ఫైర్ వేవ్, వైట్ డోమ్స్ వంటి దారులను వేసవి నెలల్లో మూసేస్తున్నారు. దీని మీద సణుగుడు వినిపిస్తుంది. ఇంత దూరం వచ్చాం, ప్రవేశ రుసుం కట్టాం, మా ప్రాణం మా ఇష్టం, మూయడానికి మీరెవరు అని. ఈ వాదనను తేలిగ్గా తోసేయడం న్యాయం కాదు. కొండలూ ఎడారులూ స్వేచ్ఛగా తిరగడానికే ఉన్నాయన్న మాట విలువైనది. అయినా మేము మూసినవాళ్ల పక్షమే. ఆ దారిలో పడిపోయిన మనిషిని తెచ్చేందుకు వెళ్లేవాళ్లూ మనుషులే, అదే ఎండలో, స్ట్రెచరు మోస్తూ, రాను పోను నడవాలి. పైగా ఆ దారుల్లో దిగేవాళ్లలో చాలామంది ప్రమాదాన్ని తూచి, తెలిసి తెగించినవాళ్లు కారు. ఈజీ అన్న మాట నమ్మి వచ్చినవాళ్లు. తెలిసి తీసుకునే నిర్ణయానికే స్వేచ్ఛ అన్న పేరు తగుతుంది. ఏడేళ్ల పిల్లకూ, డెబ్బై ఏళ్ల అమ్మమ్మకూ ఆ నిర్ణయంలో పాలెంత? కాబట్టి దారికి అడ్డంగా బోర్డు కనిపిస్తే పక్కనుంచి దూరి వెళ్లకండి. ముందు వెళ్లిన నలుగురిని చూసి ధైర్యం తెచ్చుకోకండి, వాళ్లు ఎలా తిరిగి వచ్చారో మీరు చూడలేదు.

వేసవిలో తప్పక వెళ్లాల్సి వస్తే ఒంటిపూట బడి నియమమే పాటించాలి. అది కూడా బడికన్నా ముందే ముగించాలి. జులైలో అక్కడ ఐదున్నరకే తెల్లవారుతుంది. వెలుతురుతో పాటే లోపలికి వెళ్లి, తెరిచి ఉన్న పొట్టి దారి ఒక్కటి నడిచి, ఎనిమిదిన్నరకల్లా కారెక్కాలి. 38 డిగ్రీలు దాటుతుందన్న రోజున నడక ఆలోచనే మానుకుని, ఏసీ వేసుకుని లోయలోని రోడ్డు మీద కారులో తిరిగినా తప్పేం లేదు. ఏనుగు రాయి, తేనెపట్టు రాళ్లు రోడ్డు పక్కనే కనిపిస్తాయి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. నడకకు దిగేటప్పుడు చేతిలో ఉన్న నీళ్లలో సగం అయిపోయాయంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఉత్త నీళ్లే అదేపనిగా తాగడమూ ప్రమాదమే. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే ఒంట్లో సోడియం పడిపోయి మనిషి మత్తులోకి జారతాడు. ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ పొట్లం, ఉప్పుబిస్కట్లు వెంట ఉంచుకోవాలి. మజ్జిగలో ఉప్పేసి ఇచ్చిన మన పెద్దవాళ్లకు ఈ సంగతి వైద్యపుస్తకాలు చదవకుండానే తెలుసు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లాలి.

ఎవరైనా తడబడితే, మాట తేడాగా ఉంటే, వాంతి చేసుకుంటే దాన్ని అలసట అనుకోకండి. నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి. మెడ, చంకలు, గజ్జలు తడపండి. తాగే నీళ్లు కదా అని దాచుకోవద్దు, ఆ నిమిషంలో ఒళ్లు చల్లబడటమే ముఖ్యం. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. ఒకరు దగ్గర ఉండి, ఇంకొకరు సాయం కోసం వెళ్లాలి. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అన్న మాట నమ్మవద్దు. నడకలో వచ్చే వడదెబ్బలో చెమట పట్టవచ్చు.

ఇందులో మా బోటి పత్రికలకూ పని ఉంది. ఆ లోయ అందాన్ని రంగుల్లో అచ్చువేస్తాం, నెల ఏదో రాయం. తెలుగులో ప్రయాణాల వీడియోలు చేసేవాళ్లు డిసెంబరులో స్వెట్టరు వేసుకుని తీసిన నడకను ఏడాది పొడవునా జనం చూస్తారు. ఆ వీడియో మొదట్లోనే ఇది డిసెంబరు, జులైలో రావద్దు అని రెండు మాటలు చెబితే ఒక ఇల్లు నిలబడవచ్చు. అమెరికాలోని తెలుగు సంఘాలు పండగలు ఎంత శ్రద్ధగా చేస్తాయో మనకు తెలుసు. మే నెలలో ఒక్క ఆదివారం, ఎడారికి వెళ్లే కుటుంబాల కోసం ఈ సంగతులు చెప్పే సమావేశం పెట్టడం వాటికి బరువు కాదు. 2022 డిసెంబరులో అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయినప్పుడు ఇక్కడి ఊళ్లలో పడ్డ ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. ఆ సరస్సు మీద మంచు, ఈ లోయలో మంట. రెండుచోట్లా జరిగేది ఒకటే, చూడటానికి నిశ్చలంగా, గట్టిగా, అందంగా ఉన్న చోటు తన స్వభావాన్ని మనకు చెప్పదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకూ ఇదే మనవి. గండికోట అంచున పెన్న మీదికి వంగి ఉన్న ఎర్రబండల దగ్గరికి మే నెలలో మధ్యాహ్నం వెళ్లే కుటుంబాలు తక్కువేం కాదు. అక్కడా బండలు కాగుతాయి, అక్కడా నీడ దూరం.

వ్యాలీ ఆఫ్ ఫైర్ ఎక్కడికీ పోదు. పిల్లల బడులకు నవంబరు చివరి వారంలో థాంక్స్‌గివింగ్ సెలవులు వస్తాయి. ఆ రోజుల్లో ఆ లోయలో మధ్యాహ్నం ఇరవై డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, ఫైర్ వేవ్ దారి తెరిచి ఉంటుంది. అమ్మానాన్నలను అప్పుడు తీసుకెళ్లండి.